ఆదివారం రాలేనివాళ్లకి ఫోన్లో లెక్కల క్లాసు: ఆరు నెలల నా అనుభవం

నేను నెల్లూరు జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2024 అక్టోబర్ నుంచి 2025 మార్చి దాకా, బడికి పోకుండా ఓపెన్ టెన్త్ పరీక్ష రాసేవాళ్లకి లెక్కలు చెప్పాను. ఆదివారం క్లాసులతో మొదలైంది గానీ, చివరికొచ్చేసరికి సగానికి పైగా పాఠం ఫోన్లోనే జరిగింది. ఇప్పుడు వేరే సెంటర్ల టీచర్లు ఏ యాప్ వాడావు, ఎంత ఖర్చయింది అని అడుగుతున్నారు. యాప్ పేరు చెబితే తేలే విషయం కాదిది, అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా సెంటర్లో పేర్లు రాయించుకున్నవాళ్లు 43 మంది. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు, సీతారాంపురం, కలిగిరి మండలాల వాళ్లు. అందులో 29 మంది ఆడవాళ్లే. ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసి, పెళ్లయి, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు ఎక్కువ. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పనికి పోయేవాళ్లు, పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు కట్టేవాళ్లు, ఒక టైలరు, ఇద్దరు ఆటో డ్రైవర్లు. అక్టోబర్ 20న మొదటి క్లాసుకి 17 మంది వచ్చారు. తర్వాతి ఆదివారం 14. దీపావళి అయ్యాక నవంబర్ 3న చూస్తే 9 మంది. నేను చెప్పేది అర్థం కాక రావడం లేదేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి వారం దుత్తలూరు నుంచి వచ్చే ఒక అక్కని అడిగితే ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఆదివారం పనికి పోతే నాలుగొందలు టీచరమ్మా. ఇక్కడికొస్తే ఆ నాలుగొందలు పోయె, బస్సుకి ఎనభై అయిపాయె, పిల్లోడికి అన్నం ఎవురు పెడతారు?" అప్పటికి ఆడవాళ్లకి ఉచిత బస్సు లేదు. ఆమె చెప్పిన లెక్క నేను చెప్పే లెక్కల కంటే స్పష్టంగా ఉంది. బడికి రాలేనివాళ్ల కోసమని పెట్టిన చదువులో కూడా బడికి రాగలిగినవాళ్లకే పాఠం దొరుకుతోందని నాకు అప్పుడు తెలిసింది.

సరే, ఫోన్లో చెబుదాం అనుకున్నాను. ముందు ఫోన్ నంబర్లు సేకరించాలి. రిజిస్టర్లో నంబర్లు ఉన్నాయి కదా, ఒక్క పూట పని అనుకున్నా. పట్టింది 12 రోజులు. కొన్ని నంబర్లు అప్లికేషన్ పెట్టిన నెట్ సెంటర్ వాళ్లవి, కొన్ని మారిపోయాయి, కొన్నిటికి ఫోన్ చేస్తే మొగుడో కొడుకో ఎత్తి "మీరెవరు, ఎందుకు" అని ఆరా తీశారు. చివరికి తేలింది ఏంటంటే, సొంత స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు 26 మంది, ఇంట్లోవాళ్ల ఫోన్ పంచుకునేవాళ్లు 11, మీటల ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు 6. ఎవరైనా ఫోన్ క్లాసు మొదలుపెట్టేవాళ్లు ఉంటే ఈ పని ముందు చేసుకోండి. ఇది తెలియకుండా యాప్ ఎంచుకుంటే తర్వాత అన్నీ తిరగరాసుకోవాల్సిందే, నాకు అదే జరిగింది.

ఆ నంబర్ల పని పూర్తిగా తేలకముందే, నవంబర్ 13, బుధవారం, రాత్రి 8 గంటలకి గూగుల్ మీట్‌లో మొదటి క్లాసు పెట్టాను. నాకు చాలా ఉత్సాహంగా ఉంది. ఫోన్ స్టాండ్ 250 పెట్టి కొన్నాను, చిన్న వైట్ బోర్డు, మార్కర్లు కలిపి 350. పన్నెండు మంది వచ్చారు. మొదటి పది నిమిషాలు "ఇనపడతందా, ఇనపడతందా" అనడంతోనే అయిపోయింది. ఒకరింట్లో టీవీ సీరియల్, ఒకరింట్లో కుక్కర్ విజిల్, ఇంకొకరి పిల్లాడు ఏడుపు, మైకులు ఆపండి అంటే ఎక్కడ ఆపాలో తెలియదు. అందరి మైకులూ నేనే ఆపేశాక నిశ్శబ్దం. అర్థమైందా అని అడిగితే ఎవరూ మాట్లాడరు, మాట్లాడాలంటే మళ్లీ మైకు తెరవాలి కదా. వరుసగా నల్ల గడులు, వాటిల్లో పేర్ల మొదటి అక్షరాలు, నేను ఆ అక్షరాలకి సరళవడ్డీ చెబుతున్నాను. ఉచితంగా వాడుకునే మీట్‌లో ముగ్గురూ అంతకంటే ఎక్కువమంది ఉంటే గంటే సమయం. సరిగ్గా ఒక లెక్క సగంలో ఉండగా గంట అయిపోయి తెగిపోయింది. అప్పటికి మిగిలింది ఐదుగురే. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునే ఇంట్లో సాయంత్రానికి పిల్లలు వీడియోలు చూసేసి ఉంటారు, రాత్రి 8కి అమ్మ పాఠానికి మిగిలేది ఏముంటుంది? 2024 జులైలో రీచార్జి ధరలు పెరిగిన దగ్గర్నుంచి పెద్ద ప్యాకులు వేసుకోవడం కూడా తగ్గించేశారు.

ఆ రాత్రి వంటగదిలో కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి, "జీతం వచ్చే పని కాదు కదా, వదిలెయ్" అన్నాడు. ప్రేమగానే అన్నాడు గానీ నాకు ఇంకా దుఃఖం వచ్చింది.

నాకు గుర్తొచ్చింది వేరే. 2004 సెప్టెంబర్ 20న ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పంపారు, దేశంలో చదువు కోసమే తయారుచేసిన మొదటి ఉపగ్రహం అది. అప్పుడు శ్రీహరికోట మా జిల్లాలోనే ఉండేది. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నా. సాయంత్రం నాలుగప్పుడు మిద్దెక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డాం. ఇంక పాఠాలు ఆకాశం నుంచి వస్తాయని మా వార్డెన్ మేడం అన్నారు. తర్వాత మా బడి టీవీలో పాఠాలు వచ్చాయి కూడా, బాగుండేవి. కానీ తిరిగి అడగడానికి మాకు దారి లేదు. అందులో రెండు రకాల కేంద్రాలు ఉండేవట, మాట్లాడగలిగేవి కొన్ని, వినడానికి మాత్రమే పనికొచ్చేవి మిగతావి. మాది వినేది. నేను మీట్‌లో చేసింది కూడా అదే, వాళ్ల చేతిలో ఉన్న ఫోన్‌ని వినే పెట్టెగా మార్చేశాను.

ఇంకో వారం యూట్యూబ్ లైవ్ ప్రయత్నించాను. దాని గురించి రెండు ముక్కలు. ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, మా చుట్టాలందరి చేతా నొక్కించాను. మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటలు పట్టొచ్చు అంటుంది, నాకు దాదాపు అంతా పట్టింది. అన్నిటికంటే ముఖ్యం, మనం మాట్లాడేది వాళ్లకి చాలా సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నేను రెండో మెట్టు ఎందుకొచ్చిందో అడిగి, ఎవరూ రాయలేదని మూడో మెట్టు చెబుతుంటే అప్పుడు వచ్చాయి జవాబులు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య అంత ఖాళీ ఉంటే అది ప్రశ్న అడిగినట్టే కాదు. ఒక్కసారితో ఆపేశాను.

డిసెంబర్ 1 ఆదివారం. ముందురోజు రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, మా జిల్లాలో వాన. క్లాసు రద్దు. పొద్దున్నుంచి కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ 34 శాతం. లైవ్ అనే మాటే లేదు. మా వాడి పలక తీసుకుని సుద్దముక్కతో ఒక లెక్క రాసి ఫోటో తీశాను: 15,000 రూపాయలు, సంవత్సరానికి నూటికి 24 చొప్పున, 8 నెలలకి సరళవడ్డీ ఎంత? దాంతో పాటు రెండున్నర నిమిషాల వాయిస్ మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "గ్రూపులో చెప్పొద్దు, నాకు విడిగా పంపండి, తప్పైనా పర్వాలేదు, మాటతో చెప్పినా సరే" అన్నాను. పెట్టి ఫోన్ పక్కన పడేసి వర్షం నీళ్లు ఎత్తిపోసే పనిలో పడ్డాను.

సాయంత్రం కరెంటొచ్చాక చూస్తే 19 మంది జవాబు పంపారు. పందొమ్మిది! ఆదివారం క్లాసుకి ఎప్పుడూ రానివాళ్లు అందులో ఎనిమిది మంది. ఒకామె గరిటెల పని దగ్గర మిగిలిన చెక్కముక్క మీద పెన్సిల్‌తో లెక్క చేసి ఫోటో పంపింది. ఇంకొకామె వాయిస్‌లో, "టీచరమ్మా, సంవత్సరానికి ఇరవై నాలుగంటే నెలకి రెండ్రూపాయల వడ్డీనే గదా, పదిహేను వేలకి నెలకి మూడొందలు, ఎనిమిది నెల్లకి రెండు వేల నాలుగొందలు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సూత్రం రాసి, నెలల్ని సంవత్సరంలోకి మార్చి, కొట్టివేతలు చేసి నేను తెచ్చే జవాబు కూడా 2,400. డ్వాక్రా సంఘంలో ఏళ్ల తరబడి వడ్డీ లెక్కేసిన మనిషి ఆమె. పుస్తకంలో "శాతం" అని ఉంటే భయపడింది, అంతే. ఈ సంగతి నాకు నెలన్నర ఆదివారం క్లాసుల్లో తెలియలేదు, ఎందుకంటే పదిమంది ముందు ఆమె నోరు విప్పేది కాదు. ఆ వాయిస్ ఐదారుసార్లు విన్నాను.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. వారానికి నాలుగు రోజులు, రాత్రి 7కి ఒక పలక ఫోటో, మూడు నిమిషాలు దాటని ఒక వాయిస్. మూడు నిమిషాల వాయిస్ ఒక ఎంబీ కూడా ఉండదు కాబట్టి ప్యాక్ అయిపోయే బాధ లేదు. జవాబు పంపడానికి మర్నాడు సాయంత్రం దాకా టైమ్. వచ్చిన ప్రతి జవాబుకీ పేరు పెట్టి పిలిచి తిరిగి వాయిస్ పంపేదాన్ని. ఎప్పుడో ఒక ట్రైనింగ్‌లో విన్నాను, షాంఘైలోని జియావో టాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు పాఠం లైవ్‌లో చెబుతూ, విద్యార్థులు ఫోన్ నుంచి పంపే సందేశాలు టీచర్‌కి అక్కడికక్కడే కనపడేట్టు చేశారని. వాళ్లకి సందేశం అప్పుడే అందాలి, నాకు మర్నాటికి అందినా చాలు, అసలు అందడమే కావాలి.

ఇందులో నాకు ఎదురైన చిక్కులు కూడా చెప్పాలి.

వాట్సాప్ పోల్ పెడితే తేలిక కదా అనిపించింది. పెట్టాను. నాలుగు ఆప్షన్లలో 'బి' కి 21 ఓట్లు, మిగతావాటికి సున్నా. జవాబు 'సి'. ఏమైందంటే పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ కనపడుతుంది. గ్రూపులో బాగా చదువుతాడని పేరున్న ఒక ఆటో తమ్ముడు ముందు 'బి' నొక్కాడు, మిగతావాళ్లంతా అతని వెనకే. పాపం అతను తర్వాత నాకు ఫోన్ చేసి "నావల్ల అందరూ తప్పు చేశారు మేడం" అని బాధపడ్డాడు. అతని తప్పు కాదు. తప్పు చేస్తే పదిమందీ చూస్తారన్న భయం ఉన్నచోట ఎవరైనా అదే చేస్తారు. పోల్‌ని ఆ తర్వాత "రేపు పాఠం పొద్దునా సాయంత్రమా" లాంటివాటికే వాడాను.

రెండోది ఇంకా పెద్దది. డిసెంబర్ రెండో వారంలో ఒక అమ్మాయి చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడు రోజులకి వాళ్లక్క చెప్పింది, గ్రూపులో నంబరు చూసి ఎవరో రాత్రి పదకొండింటికి హాయ్ అని పంపాడట, అది ఆమె భర్త చూశాడట. ఆ మాట వినగానే కాళ్లు చల్లబడ్డాయి. ఆమె చదువు నేను పెట్టిన గ్రూపు వల్ల ఆగిపోతుందేమో అని. ఆ మనిషెవరో తెలుసుకుని గట్టిగా మాట్లాడి తీసేశాను, అతని ఇంటికి కూడా చెప్పాను. తర్వాత గ్రూపు మొత్తం తీసేసి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టాను, అందులో ఒకరి నంబరు ఒకరికి కనపడదు. అయితే అక్కడో చిక్కు: మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ వెళుతుంది. నాకు ఈ సంగతి తెలియక మూడు రోజులు పాఠం పంపుతూ, సగం మంది ఎందుకు పలకడం లేదని కంగారుపడ్డాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "నా పేరు 'లెక్కల టీచర్' అని సేవ్ చేసుకో అక్కా" అని చెప్పాల్సి వచ్చింది. వెళ్లిపోయిన అమ్మాయి ఇంటికి ఒక ఆదివారం నేనే వెళ్లి ఆమె భర్తతో మాట్లాడాను. అరగంట పట్టింది. ఆమె తిరిగొచ్చింది. మీరు ఆడవాళ్లకి ఫోన్ క్లాసు పెడుతుంటే మొదటి రోజే నంబర్లు కనపడని పద్ధతి పెట్టండి, నేను చేసిన పొరపాటు చెయ్యొద్దు.

మీటల ఫోన్ల ఆరుగురి కోసం బుధ, శనివారాల్లో కాన్ఫరెన్స్ కాల్. మామూలు కాల్‌లో నాతో కాక ఐదుగురే కలుస్తారు, ఆరో మనిషికి చోటు లేదు. అదృష్టం కొద్దీ ఇద్దరిదీ సీతారాంపురం మండలంలో ఒకే ఊరు, ఒక ఫోన్ స్పీకర్ పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవాళ్లు. వెలిగొండల కింద ఊరు, ఇంట్లో సిగ్నల్ రాదు, గుడి అరుగు మీదకి వచ్చేవాళ్లు. వీళ్లు జవాబు చెప్పడానికి మిస్డ్ కాల్ పద్ధతి పెట్టుకున్నాం: కాల్ అయ్యాక ఆప్షన్ల ప్రశ్న ఒకటి ఇస్తాను, 'ఎ' అయితే ఒక మిస్డ్ కాల్, 'బి' అయితే రెండు, అలా. పైసా ఖర్చు లేదు. రాత్రి తొమ్మిదింటప్పుడు ఫోన్ మోగి మోగి ఆగుతుంటే మా వాడు పక్కనే కూర్చుని లెక్కపెట్టి, "అమ్మా, గుడి అరుగు వాళ్లది సి" అని చెప్పేవాడు.

ఇక ఆదివారాలు. వచ్చేది పది పన్నెండు మందే అయినా ఆ క్లాసు మానలేదు. అక్కడ ప్లికర్స్ అనే యాప్ వాడాను. విద్యార్థుల దగ్గర ఫోన్ అక్కర్లేదు, ఒక్కొక్కరికి గడుల బొమ్మ ఉన్న కార్డు ఇస్తాం, జవాబుని బట్టి కార్డుని నాలుగు వైపుల్లో ఏదో ఒక వైపు తిప్పి పట్టుకుంటారు, మన ఫోన్ కెమెరా గది మొత్తం చూసి ఎవరిది ఏ జవాబో చదివేస్తుంది. పక్కవాళ్లకి మాత్రం మన జవాబేంటో తెలియదు. 40 కార్డులు జెరాక్స్ షాపులో 120 రూపాయలు. పాడైపోకుండా ఉంటాయని లామినేషన్ చేయించాను, 600. తీరా ట్యూబ్‌లైట్ వెలుగు ఆ ప్లాస్టిక్ మీద మెరిసి కెమెరాకి సగం కార్డులు అందలేదు. ఆరొందలూ వృథా. మళ్లీ మందం కాగితం మీద తీయించాను, 200. వేలు బొమ్మ మీదకి రాకుండా అంచు దగ్గర పట్టుకోవాలని కూడా చెప్పాలి.

డిసెంబర్ 15న మొదటిసారి ఆ కార్డులు వాడిన రోజు మర్చిపోలేను. ఆ రోజు కొత్తగా ఏదో ఉందని తెలిసి 22 మంది వచ్చారు. మొదటి ప్రశ్నకి సరైన జవాబు ఆరుగురిదే. పేర్లు చెప్పకుండా "పదహారు మందికి తప్పొచ్చింది" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, ఆ తర్వాత వెనక వరసలో యాభై ఏళ్ల పెద్దాయన "అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట" అని పైకే అనేశాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో గదిలో బిగుసుకుపోయి ఉన్నదేదో వదిలింది. ఆ పూట అడిగినన్ని ప్రశ్నలు వాళ్లు అంతకుముందు ఎనిమిది వారాల్లో అడగలేదు.

ఇంటికెళ్లి మా అమ్మకి చెబితే ఆమె తన సంగతి చెప్పింది. 1991లో, చదువురాని పెద్దవాళ్ల కోసం పెట్టిన అక్షరదీపం రాత్రిబడికి పోయినప్పుడు నేను ఆమె ఒళ్లో పసిపిల్లని. లాంతరు చుట్టూ కూర్చుని పాఠం చదివాక దాని మీద మాట్లాడుకునేవాళ్లట, మన ఊళ్లో ఇలా ఎందుకుంది, మన ఇంట్లో డబ్బులు ఎక్కడికి పోతున్నాయి అని. మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించింది ఆ చదువు మాటల్లోంచే. "మాకు చెప్పేవాళ్లు తక్కువ, మేం మాట్లాడేదే ఎక్కువ" అంది అమ్మ. నేను నెల రోజులు మీట్‌తో, యూట్యూబ్‌తో తిప్పలు పడి చేరిన చోటు లాంతరు వెలుగులో మా అమ్మ కూర్చున్న చోటే.

జనవరిలో సంక్రాంతి అయ్యాక పొగాకు పని ఊపందుకుంది. ఇక్కడ మళ్లీ జవాబులు తగ్గాయి, 30 నుంచి 14కి పడిపోయాయి. నేను భయపడ్డాను గానీ టైములు చూస్తే విషయం అర్థమైంది, జవాబులు ఆగలేదు, వేళ మారింది. బ్యారన్ మంట రాత్రంతా చూసుకోవాలి కదా, ఆ కాపలాలో ఉన్నవాళ్లు తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి పంపుతున్నారు. పాఠం పంపే టైమ్ అలాగే ఉంచి, జవాబు గడువు రెండు రోజులు చేశాను. మళ్లీ 27కి వచ్చింది. అదే పాఠం లైవ్‌లో ఉంటే ఈ మనుషులు ఎప్పుడో జారిపోయేవాళ్లు.

ఈ పద్ధతికి లొంగనివి కూడా ఉన్నాయి. వర్గ సమీకరణాలు, కారణాంకాలు విడగొట్టడం వాయిస్‌లో చెప్పలేకపోయాను. నాలుగుసార్లు నాలుగు రకాలుగా చెప్పి చూశాను, ఫలితం లేదు. అవి బోర్డు ముందే, పక్కన నిలబడి, వాళ్ల చేత సుద్దముక్క పట్టించి చెప్పాల్సినవి. ఫిబ్రవరిలో మూడు ఆదివారాలు వాటికే పెట్టాను, వాటికైతే కూలి మానుకుని వచ్చారు, ఎందుకు రావాలో వాళ్లకి తెలుసు కాబట్టి.

ఖర్చు అడిగారు కదా. కార్డులకి లామినేషన్ నష్టంతో కలిపి 920, స్టాండూ బోర్డూ 600, నాలుగు నెలల్లో నేను అదనంగా వేసుకున్న డేటా 500 దాకా. మొత్తం రెండు వేల పైచిలుకు, నా జేబులోంచే. అసలు ఖర్చు డబ్బు కాదు. రాత్రి 9 నుంచి పదిన్నర దాకా పాతిక ముప్పై మందికి విడివిడిగా జవాబు చెప్పాలి, ఒక్కరోజు మానితే మర్నాడు ఏడెనిమిది మంది తగ్గేవాళ్లు, ఇది నేను రెండుసార్లు చూశాను. జ్వరమొచ్చి మూడు రోజులు చెప్పలేనప్పుడు పదకొండు మంది "టీచరమ్మా, బాగుండారా" అని వాయిస్‌లు పంపారు. ఆ గంటన్నర మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి. సెంటర్‌కి ఇద్దరు టీచర్లుంటే పంచుకోవచ్చు, ఒక్కరి వల్ల 50 మందికి మించి కాదని నా అంచనా. రిజిస్టర్లో ఆదివారం సంతకాలకే గానీ ఈ రాత్రి పనికి ఎక్కడా లెక్క లేదు. దూరవిద్య నడిపేవాళ్లు ఆ పనిని కూడా బోధన కింద గుర్తించాలని నా కోరిక, లేకపోతే నాలాంటివాళ్లు ఒక ఏడాది చేసి అలసిపోతారు.

మార్చిలో పరీక్షలు. 43 మందిలో లెక్కల పరీక్ష రాసింది 38 మంది. హాలు బయట వాళ్లని చూస్తే నాకు వాళ్లకంటే ఎక్కువ టెన్షన్. నాలుగు నెలలు గొంతు విన్నా ఆ రోజే మొదటిసారి ముఖం చూసినవాళ్లు ఉన్నారు. సీతారాంపురం ఇద్దరూ వచ్చి, "మేమే గుడి అరుగోళ్లం" అని చెప్పారు. ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో పాసైనవాళ్లు 27 మంది. మీటల ఫోన్ల ఆరుగురిలో నలుగురు. రెండ్రూపాయల వడ్డీ చెప్పినామెకి 61 వచ్చాయి. ఫెయిలైన 11 మందిలో ముగ్గురు 35కి రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోయారు, వాళ్లలో గ్రూపులోంచి వెళ్లి తిరిగొచ్చిన అమ్మాయి ఒకరు. ఆమెకి ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాలక సాయంత్రం దాకా ఆగాను. నేను చేసేలోపే ఆమె నుంచి వాయిస్ వచ్చింది.

"టీచరమ్మా, రెండు మార్కులంట. మా ఆయన సప్లిమెంటరీకి ఫీజు కట్టొచ్చాడు. మీరు పలక ఫోటోలు ఆపొద్దు. ఈసారి ఆ కారణాంకాలు ముందు చెప్పండి, అందుకు నేనే ఆదివారం వస్తా."

మిగతా పదిమందికీ అడిగి చూశాను, ఏడుగురు మళ్లీ రాస్తామన్నారు. ఆమెతో కలిపి ఎనిమిది మంది. కొత్త లిస్ట్ చేసుకున్నాను, అందరూ నా నంబరు సేవ్ చేసుకున్నారో లేదో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాను. ఈ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి కారణాంకాలు.